రాణుల తలయుడుపు

మనుష్యుని వేషములో తలమీది గుడ్డ చెప్పునంత స్పష్టముగా మఱేదియు చెప్పదు. పోలీసువాని టోపీని, పెండ్లికుమారుని తలపాగాను చూచినంతనే వారెవరో మనకు తెలియును. పటాన్‌చెరువు ప్రాంతపు మందుల కర్మాగారములలో పనిచేయు స్త్రీలు, వెండ్రుక రాలి మందులో పడకుండుటకై తలకు గుడ్డటోపీ తొడుగుకొందురు. అదియు ఒక వృత్తిచిహ్నమే. అయితే రాచకుటుంబపు స్త్రీల తలయుడుపునకు అర్థములు పెక్కు. అందును శోకసమయమున వారు తలపై నేమి ధరింతురు, ఎంతకాలము ధరింతురు, ఎవరి ఇచ్ఛచే ధరింతురు అను ప్రశ్నలు మిక్కిలి ఆలోచింపదగినవి. వానినే యిచ్చట విచారింప దలచితిమి.

మొదట జపాను దేశమును చూతము. ఆ దేశపు రాణులకు టోపీ పురాతనమైనది కాదు. వారి ప్రాచీనమైన కొలువువేషము జూనిహితోయె యనునది. అనగా ఒకదానిపై నొకటిగా పెక్కు పొరలు ధరించు పట్టువస్త్రము. 2019 అక్టోబరు 22వ తేదీన నరుహితో చక్రవర్తి తన సింహాసనాధిరోహణమును లోకమునకు ప్రకటించినపుడు మసాకో చక్రవర్తిని ఆ వేషముననే నిలిచెను. అపుడామె తలపై టోపీ లేదు. వీపుమీదికి జారవిడిచిన జుట్టును, నుదుటిపైని బంగారు నగయు మాత్రమే యుండెను.

టోపీ వచ్చినది మెయిజీ చక్రవర్తి కాలమున. ఆయన రాణియైన హరుకో (మరణానంతరము షోకెన్ అను పేర ప్రసిద్ధురాలైనది) 1886లో మొదటిసారిగా పాశ్చాత్యవేషముతో ప్రజలయెదుటికి వచ్చెను. మరుసటి జనవరిలో స్త్రీల వేషమును గూర్చి ఆమె పేర ఒక అభిప్రాయపత్రము వెలువడెను. అందలి వాదము వినదగినది. పైన చొక్కా, క్రింద పావడ గల పాశ్చాత్యవేషము జపానీయుల పూర్వకాలపు వేషమునకే దగ్గరగా నున్నదట. కాబట్టి దానిని పరాయిదని త్రోసివేయ నక్కఱలేదట. కాని బట్టమాత్రము స్వదేశమున నేసినదే వాడవలెనట! చేనేత మగ్గముల నడుమ పెరిగిన మనకు ఈ కడపటిమాట నచ్చక మానదు.

ఆ కాలమున ఏర్పడిన పద్ధతి ప్రకారము, మెడవఱకు మూసిన పొడుగుచేతుల పగటి గౌనుతో టోపీ ధరింపవలెను. విందులకును మహోత్సవములకును మెడ విప్పిన గౌనుతో రత్నములు తాపిన అర్ధకిరీటము ధరింపవలెను. 1989 మొదలు 2019 వఱకు చక్రవర్తినిగా నుండిన మిచికో ధరించిన చిన్న టోపీలు లోకప్రసిద్ధములు. పళ్ళెమువంటి ఆ టోపీ తలను కప్పుననుటకంటె తలపై కూర్చుండెననుట యుక్తము. విశాలమైన అంచు లేదు గనుక ముఖము మరుగుపడదు. తలవంచి నమస్కరించుటకు అడ్డమును రాదు. ప్రజలకు కనబడుటయే పనిగా గల స్త్రీకి ఇట్టి టోపీ తగినదని మేము తలంతుము.

శోకసమయమున ఈ టోపీయే నల్లనగును. దానినుండి నల్లని సన్నని మేలిముసుగు ముఖముమీదికి దిగును. 1989 జనవరి 7వ తేదీన హిరోహితో చక్రవర్తి మరణించెను. ఫిబ్రవరి 24వ తేదీన, చలివానలో, తోకియోలోని షింజుకు ఉద్యానమున జరిగిన అంత్యక్రియలకు రాచకుటుంబపు స్త్రీలు నల్లని నిడుపు గౌనులతోను మేలిముసుగులతోను వచ్చిరి. ఆస్థానశోకము ఒక సంవత్సరము పాటింపబడెను. ఏడాది నిండగానే నల్లదుస్తులు పెట్టెలలోనికి పోయెను. 1990 నవంబరులో అదే రాణి కొత్త చక్రవర్తి ప్రక్కన ఉత్సవవేషముతో నిలిచెను. పరదేశపు శోకమునకును వారు ఇదే మర్యాద నెఱపుదురు. 2022 సెప్టెంబరు 19న లండనులో ఎలిజబెత్ రాణి అంత్యక్రియలకు మసాకో చక్రవర్తిని నల్లని గౌనుతోను నల్లని టోపీతోను హాజరయ్యెను.

ఇచ్చట గమనింపదగినది కాలపరిమితి. శోకమునకు మొదలున్నది, తుదియు నున్నది. తుది వచ్చినపుడు తలమీది నలుపును తీసివేయవచ్చును.

తుదిలేని శోకమును తానై కోరుకొన్న రాణియు కలదు. ఇంగ్లండుదేశపు విక్టోరియా రాణి భర్త 1861లో మరణించెను. అది మొదలు 1901లో తాను కన్నుమూయువఱకు, దాదాపు 40 ఏండ్లు, ఆమె శోకవేషమును విడువలేదు. నల్లని గౌనుపై తెల్లని వితంతుటోపీ ఆమెకు గుఱుతైపోయెను. 1887లో జరిగిన స్వర్ణోత్సవమునకు సైతము కిరీటము నొల్లక బానెట్ అను మెత్తని టోపీతోనే దేవాలయమునకు వెళ్ళెను. మంత్రులు నొచ్చుకొనిరే కాని ఆమెను నిర్బంధింపగలవా రెవరును లేకపోయిరి.

ఇక మన దేశమునకు వత్తము. మన రాణులకు టోపీ లేదు. వారి తలపై నుండునవి రెండే: వాకిట గొడుగు, లోగిట కొంగు. మన సంగారెడ్డి పట్టణము రాణీ శంకరమ్మ కుమారుని పేర వెలసినదని పెద్దలు చెప్పుదురు గనుక, స్త్రీలు రాజ్యమేలుట ఈ సీమకు కొత్తగాదు. అయినను తెలుగుదేశమున రాణి యనగానే మొదట స్ఫురించునది కాకతీయ రుద్రమదేవి. తండ్రియగు గణపతిదేవుడు ఆమెను కుమారునివలె పెంచెను. శాసనములలో రుద్రదేవ మహారాజని పురుషనామమే వేయించెను. వెనీసు యాత్రికుడగు మార్కోపోలో ఆమె పాలనను మెచ్చుకొనుచు, ఆమె చనిపోయిన రాజునకు కూతురని యెఱుగక, భార్యయని వ్రాసెను. వితంతువే రాజ్యమేలుచున్నదని ఆ పరదేశి తలచెనన్నమాట!

వరంగల్లు చెంత బొల్లికుంటలో దొరికిన రెండు శిల్పములను పురాతత్త్వశాఖవారు 2017లో రుద్రమదేవివని ప్రకటించిరి. మొదటిదానిలో ఆమె కత్తిబట్టి గుఱ్ఱమెక్కియున్నది. తలపై రాచగొడుగు కలదు. రెండవదానిలో అలసి, తల యొకప్రక్కకు వాల్చి కూర్చున్నది. గొడుగు లేదు, యముని వాహనమైన దున్నపోతు కలదు. అది ఆమె అంతమును సూచించునని వారి యభిప్రాయము. నల్లగొండ మండలపు చందుపట్ల శాసనమువలన ఆమె 1289 నాటికి మరణించినట్లు తెలియుచున్నది. శిల్పి శోకమును చూపుటకు నలుపు వాడలేదు, ముసుగు వేయలేదు. తలమీది గొడుగును తీసివేసెను, అంతియే.

కొంగు సంగతి వేఱు. పెద్దలయెదుట కొంగు కప్పుకొనుట మర్యాద. మెదకు దేవాలయమున ప్రార్థించునపుడును మన స్త్రీలు కొంగు తలపైకి లాగుకొందురు. అట్టి కొంగే భర్త పోయిన స్త్రీకి శిక్షయయ్యెను. బ్రాహ్మణాది కొన్ని కులములలో వితంతువునకు తల గొఱిగించి, ముతక గుడ్డ కప్పి, పండుగ వాకిటికి రానీయక యుంచిరి. పదేండ్ల బాలికయైనను విడుపు లేదు. జపానురాణి ముసుగు ఏడాదికి తొలగెను. విక్టోరియా టోపీ ఆమె యిచ్ఛ. మన వితంతువు ముసుగునకు గడువును లేదు, ఆమె యిచ్ఛయు లేదు. ఈ మూడింటిని ఒక్కచో నుంచి చూచినపుడు, మన యాచారమును శోకమనుట తగదని మాకు తోచినది. శోకము పోయినవారిని గూర్చినది. ఇది బ్రదికియున్నవారిమీద పడినది.

దీనిని ఎదిర్చినవారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారు అగ్రగణ్యులు. వారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించిరి. వంటవారు రాక మానగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే నీళ్ళు మోసి వంటచేసిరి. 1890లో బొంబాయి మంగలివారు సభచేసి, వితంతువుల తలలు గొఱుగమని తీర్మానించుకొనిరి. శాస్త్రులు వాదించుచుండగా కత్తిపట్టువారే కత్తి దింపిరి!

మన హైదరాబాదు సంస్థానమున రాచస్త్రీల ముసుగు తొలగిన విధమును చెప్పవలసియున్నది. ఏడవ నిజాము అంతఃపురము పరదాలోనిదే. 1931 నవంబరు 12వ తేదీన ఫ్రాన్సుదేశపు నీస్ నగరమున ఆయన పెద్దకుమారునకు దుర్రుషెహ్వార్, రెండవ కుమారునకు నీలోఫర్ అను రాజకుమార్తెలతో వివాహములు జరిగెను. ఇరువురును తురుష్కుల సుల్తాను వంశమువారు. దుర్రుషెహ్వార్ తండ్రి 1924లో పదవి కోల్పోయిన కడపటి ఖలీఫా. ఐరోపాలో పెరిగిన ఈ వధువులు ఇచ్చటికి వచ్చి చీర కట్టిరి, కాని పరదాలోనికి పోలేదు. ముసుగులేని ముఖములతో సభలకు వచ్చిరి. 1937లో లండనులో జరిగిన పట్టాభిషేకమునకు దుర్రుషెహ్వార్ భర్తతో గూడ వెళ్ళెను.

నీలోఫరునకు సంతానము లేదు. 1949లో ఆమె పరిచారిక యొకతె వైద్యము చాలక ప్రసవవేదనలో మరణించెను. రాకుమారి అందుకై ఎంతయో దుఃఖించెనని చెప్పుదురు. తన వంటి స్థితిలోనివారు చేయునట్లు కొన్నిదినములు నల్లబట్ట కట్టి ఊరకుండక, ఇట్టి మరణము మఱియొకరికి రాకుండుటకై స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి కావలెనని ఆమె పట్టుపట్టెను. అది 1953లో హైదరాబాదు రెడ్‌హిల్సులో తెఱవబడెను. మన మండలపు తల్లులు బిడ్డలను చంకనెత్తుకొని, తలపై కొంగు సర్దుకొనుచు, నేటికిని నీలోఫర్ దవాఖానాకే పోవుచున్నారు.