చెత్తబండి దగ్గర చుట్టరికం

తైపేకి చదువుకోవడానికి వెళ్తున్నామని, రెండు మంచి మాటలు చెప్పమని మనవాళ్ళ పిల్లలు అప్పుడప్పుడు వస్తుంటారు. సీటు, స్కాలర్‌షిప్, హాస్టలు సంగతులు నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నేను చెప్పేది ఒక్కటే. పరాయి ఊళ్ళో మనుషులు దగ్గరవ్వాలంటే రోజూ అదే వేళకి అదే చోట కనబడుతూ ఉండాలి.

1. చెత్త మీరే తీసుకెళ్ళండి.
అక్కడ చెత్తని వీధి చివర పారేసి రావడం కుదరదు. సాయంత్రం పసుపురంగు బండి బీథోవెన్ 'ఫ్యూర్ ఎలీజ్' బాణీ మోగించుకుంటూ వస్తుంది. బుధవారం, ఆదివారం రాదు. 2000 నుంచి నగరపాలక సంస్థ ముద్ర ఉన్న సంచీ కొని అందులోనే వెయ్యాలి. చెత్త రుసుము సంచీ ధరలోనే కలిసి ఉంటుంది కాబట్టి ఎంత తక్కువ పారేస్తే అంత మిగులు. సీసాలు, కాగితాలు, వంటింటి వ్యర్థాలు విడిగా తీసుకుంటారు. బండి రాకముందే సందులో జనమంతా చెప్పులేసుకుని బయటికొచ్చి నిలబడతారు. మా సందులో ఉండే పెద్దావిడ నాతో మొదట మాట్లాడింది అక్కడే. నా సంచీ కేసి చూసి, "ఇంతేనా? నువ్వసలు వండుకుంటున్నావా?" అని నిలదీసింది. ఆ మర్నాటి నుంచి బండి వచ్చేదాకా మా ఇద్దరికీ కబుర్లే. ఆ కాసేపూ ఇయర్‌ఫోన్లు గదిలో వదిలి వెళ్ళండి.

2. టిఫిన్ కొట్టు ఒకటే పెట్టుకోండి.
సోయాపాలు, దాన్‌బింగ్ అమ్మే కొట్లు ఎటు చూసినా ఉంటాయి. దాన్‌బింగ్ మన గుడ్డట్టుకి పినతల్లి కూతురు. పెనం మీద గుడ్డు పరిచి, దానిపైన పల్చటి రొట్టె వేసి, తిరగేసి, చాపలా చుట్టి, ముక్కలు కోసి ఇస్తారు. రోజుకో కొట్టు రుచి చూద్దామని తిరిగితే ఎక్కడికెళ్ళినా మీరు కొత్తవాళ్ళే. ఒకచోటే తింటే, కొన్నాళ్ళకి మీరు మలుపు తిరగడం చూసే కొట్టావిడ గుడ్డు కొట్టేస్తుంది. ఒకపూట వెళ్ళకపోతే మర్నాడు ఒంట్లో ఎలా ఉందని అడుగుతుంది.

3. శాకాహారులు బెంగపడక్కర్లేదు.
బౌద్ధుల పుణ్యమా అని శాకాహార భోజనశాలలకి కొదవలేదు. వాటి బోర్డుల మీద తరచు స్వస్తిక్ గుర్తు కనబడుతుంది. చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా తగలనివ్వరు. కావలసినవి మీరే పళ్ళెంలో పెట్టుకుంటే తూకం వేసి డబ్బు తీసుకునే చోట్లు చదువుకునేవాళ్ళకి గిట్టుబాటు. మామూలు హోటల్లో మాత్రం ఆకుకూర అయినా సరే అడిగి తినండి. పందికొవ్వో, ఎండురొయ్యలో పడి ఉండొచ్చు.

4. మెట్రోలో నలుగురూ చెయ్యని పని కనిపెట్టండి.
స్టేషన్లో పసుపు గీత దాటాక తిండీ కాఫీయే కాదు, మంచినీళ్ళూ చూయింగ్ గమ్మూ కూడా నిషేధమే. జరిమానా 1,500 నుంచి 7,500 తైవాన్ డాలర్లు. ముదురునీలం సీట్లు ముసలివాళ్ళకి, గర్భిణులకి. బోగీ కిటకిటలాడుతున్నా కుర్రకారు వాటిని ఖాళీగా వదిలి నిలబడతారు. ఇలాంటివి ఎవరూ నోటితో చెప్పరు, చూసి నేర్చుకోవాల్సిందే.

5. బిల్లు నలిపి పారేయకండి.
కొట్లో ఇచ్చే బిల్లు మీద లాటరీ నంబరు ఉంటుంది. వ్యాపారులు పన్ను ఎగ్గొట్టకుండా, జనమే బిల్లు అడిగి పుచ్చుకునేలా 1951లో పెట్టిన ఏర్పాటు అది. బేసి నెలల్లో 25వ తేదీన నంబర్లు తీస్తారు. చివరి మూడంకెలు కలిసినా 200 డాలర్లు వస్తాయి. నంబర్లు సరిచూసుకునే తీరిక లేకపోతే కౌంటరు దగ్గర సేవాసంస్థల డబ్బాలుంటాయి, వాటిలో వెయ్యండి. మీ బిల్లుకి తగిలిన డబ్బు ఎవరికో ఆసరా అవుతుంది.

6. తప్పో ఒప్పో, మాట్లాడండి.
తైవాన్ నార్మల్ యూనివర్సిటీలోని మాండరిన్ శిక్షణ కేంద్రం 1956 నుంచి విదేశీయులకి భాష నేర్పుతోంది. అక్కడ ఎంత బాగా నేర్చుకున్నా, వీధిలోకొస్తే పెద్దవాళ్ళు మాండరిన్‌లోకి తైవానీ కలిపేస్తారు. సగం అర్థమవుతుంది, తక్కిన సగం చేతులతో నడిపించాలి. కంగారుపడి ఇంగ్లీషులోకి దూకితే మాత్రం సంభాషణ అక్కడితో సరి. బస్సు దిగేటప్పుడు చాలామంది డ్రైవరుకి 'షియెషియె' (థాంక్స్) అని చెప్పి దిగుతారు. మీరూ చెప్పండి. విమానం దిగిన రోజు నుంచే మొదలుపెట్టొచ్చు, దానికి ఏ భాషాపరీక్షా పాసవ్వక్కర్లేదు.