కుంతాల పోయే ముందు ఒక మాట

చందూర్

బిడ్డా,

దసరా సెలవుల్ల దోస్తులతోని కుంతాల జలపాతం చూడ పోతున్నవని మీ బాపు చెప్పిండు. సంతోషం, పోయి రా. మీ అమ్మ వద్దంటున్నదట, ఆమెతోని నేను మాట్లాడుత. ఎంచుకున్న కాలం సుత మంచిదే. వానలు తగ్గి ఏటిల ఇంకా నిండుగ నీళ్లుంటయి. ఎండకాలం పోతె సన్నటి ధార తప్ప ఏం కనిపించదు.

నాకు బుగులు ఒక్క కాడనే. మనం కాలువ కింద పుట్టినోళ్లం. 1931ల నిజాంసాగర్ కట్టుడు అయిపోయిన కాన్నుంచి మన దిక్కు నీళ్లు షట్టర్ లేపితె వస్తయి, దించితె ఆగుతయి. ఏ పొలం వంతు ఎప్పుడో లష్కర్‌కు తెలుసు. గసొంటి నీళ్లల్ల ఈత నేర్చిన పిల్లలకు నీళ్లంటె భయముండదు. కుంతాల కాడ దుంకేది కడెం ఏరు. దానికి వంతుల్లేవు. ఎగువన బోథ్, బజార్‌హత్నూర్ దిక్కు గట్టి వాన కొడితె, నీ నెత్తి మీద ఎండ కాస్తున్నా వరద వస్తది. అదే ఏరు కిందికి పోయి కడెం ప్రాజెక్టుల పడుతది. 2022 జూలైల 18 గేట్లున్న ఆ ప్రాజెక్టు మీదికెల్లి నీళ్లు పొర్లినయి. అంత కట్టడానికి లొంగని ఏరు మన ఈతకు లొంగుతదా?

తొవ్వ అల్కగనే ఉంటది. ఆర్మూర్ కాడ 44వ నంబరు రోడ్డెక్కి, సోన్ కాడ గోదావరి దాటి, నిర్మల్ ఘాట్ మీదికెల్లి నేరడిగొండ పోవాలె. ఆడికెల్లి ఇంకో 12 కిలోమీటర్లు. బండి దిగినంక 400కు పైగా మెట్లు. దిగుడు తేలిక, ఎక్కుడే కష్టం, తొడలు పట్టేస్తయి. పొద్దుగాల్నే బయలుదేరి, పట్టున్న బూట్లేసుకొని పో.

దాదాపు 45 మీటర్ల ఎత్తుకెల్లి నీళ్లు బండల మీద విరుగుకుంట పడుతుంటె కదలబుద్ధి కాదు. ఎంతసేపైనా నిలవడి చూడు. కింది మడుగుల మాత్రం దిగొద్దు. పైకి నిమ్మలంగ కనిపిస్తది గని లోపల సుడులు, బండల సందులు ఉంటయి. ఈత వచ్చిన పిలగాండ్లు సుత ఆడ పానాలు పోగొట్టుకున్నరు. పాకుర పట్టిన బండలెక్కి సెల్ఫీలు దిగొద్దు. నీళ్ల రంగు ఎర్రగ మారినా, చప్పుడు పెరిగినా, ఆకులు పుల్లలు కొట్టుకొచ్చినా సామాన్లు చూసుకోకుండ పైకి ఎక్కుండ్రి. దోస్తులు పిరికిదానివని నవ్వితె నవ్వనియ్యి.

టైముంటె బోథ్ దిక్కు పొచ్చెర సుత చూడుండ్రి. ఎత్తు 20 మీటర్లే గని వెడల్పుగ పడుతది. ఆడ సుత ఇదే జాగ్రత్త.

తిరిగి నేరడిగొండకు రాంగనే మీ అమ్మకు ఫోన్ చెయ్యి. తర్వాత నాకు.

మీ పెద్దబాపు