తండ్రి మాట దాటిన రాకుమారి

ప్రేమవివాహము ఈనాటి వింతయని తలచువారు జోన్ కథ వినవలెను. ఇంగ్లండు రాజగు మొదటి ఎడ్వర్డు కుమార్తెయైన ఈమె 1272లో పాలస్తీనా తీరమందలి ఏకర్ నగరమున జన్మించెను. 1290లో తండ్రి ఆమెను, ఆమెకంటె దాదాపు ముప్పదియేండ్లు పెద్దవాడగు గ్లాస్టరు ప్రభువునకిచ్చి పెండ్లిచేసెను. 1295లో ఆ భర్త మరణించెను. రాజు మరల సవాయ్ ప్రభువుతో సంబంధము కుదుర్చుచుండగా, 1297లో ఆమె తన కొలువులోని రాల్ఫ్ అను పేదయోధుని రహస్యముగా పెండ్లాడెను. కుపితుడైన రాజు అల్లుని బ్రిస్టలు కోటలో బంధించెను.

గొప్ప ప్రభువు పేదరాలిని చేపట్టుట తప్పు కానప్పుడు, ప్రభుపత్ని పేదవీరుని చేపట్టుట మాత్రము తప్పెట్లగునని జోన్ తండ్రియెదుట వాదించినట్లు ఒక పాత చరిత్రగ్రంథము చెప్పుచున్నది. కన్నీటితో వేడుకొనక, న్యాయమే అడిగినది! ఆ యేటనే రాల్ఫ్ విడుదలయ్యెను. గ్లాస్టరు ప్రభుపదవియు పొందెను. తరువాత స్కాట్లండు యుద్ధములలో మామగారి పక్షముననే పోరాడెను.