హక్కుల వేదికపై మాట బలం: ఆంధ్ర మహాసభ

గ్రూప్స్ అభ్యర్థులు ఆంధ్ర మహాసభల పట్టిక బట్టీ పడతారు. అక్కడ జనాన్ని ఎలా ఒప్పించారన్నది మాత్రం వదిలేస్తారు. వ్యాసరూప ప్రశ్నకు పనికొచ్చేది అదే.

ఒప్పించే ప్రసంగానికి అరిస్టాటిల్ చెప్పిన ఆధారాలు మూడు: వక్త విశ్వసనీయత, శ్రోత భావోద్వేగం, తర్కం. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ వీటికి పునరుక్తిని జోడించారు.

మన కథ అడ్డుకున్న ప్రసంగంతో మొదలైంది. 1921 నవంబరులో హైదరాబాద్‌లో సంస్కర్త కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది; అదే తర్వాత ఆంధ్ర మహాసభ అయింది.

తర్కానికి ఉదాహరణ పాలమూరు (మహబూబ్‌నగర్) బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు ఆయన తిట్టుతో బదులివ్వలేదు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అవతలివారికి నోరు పెగలలేదు.

విశ్వసనీయతకు నల్లగొండ జిల్లా బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డి. సొంత భూమిని పేదలకు పంచిన భూస్వామి బిడ్డ వెట్టిని ఖండిస్తే ఆ మాట తూకమే వేరు. చిలుకూరు (1941), భువనగిరి (1944) సభలకు అధ్యక్షుడు ఆయనే. భావోద్వేగం రగిల్చే పని వేదికలకంటే బుర్రకథ దళాలే ఎక్కువ చేశాయి.

ఇక పట్టిక విషయానికొస్తే, దేవరకొండ (1931) సభ అధ్యక్షుడు బూర్గుల రామకృష్ణారావు. షాద్‌నగర్ (1936) కొండా వెంకట రంగారెడ్డి. సురవరం అధ్యక్షత వహించిన తొలి సభ (1930) మెదక్ జిల్లా జోగిపేటలో జరిగింది. ఆయన సొంత జిల్లా చూసి మహబూబ్‌నగర్ ఆప్షన్ పెట్టేయకండి.