నిండు కుండ పక్కనే దాహం

ఎండాకాలం వచ్చిందంటే మనవాళ్లు మసీదు గుమ్మం దగ్గర, బజారు మలుపులో చలివేంద్రాలు పెడతారు. బోరు వేయించడానికి ఖర్చుకు వెనుకాడని దాతలు మనలో ఉన్నారు. దప్పిగొన్నవారికి నీళ్లివ్వడం గొప్ప సదఖా అని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అయితే మన ఇంట్లోనే నిండు కుండ పక్కన కూర్చుని, రోజంతా రెండు గ్లాసులతో సరిపెట్టుకునే పెద్దవారి సంగతి మనం గమనించడం లేదు.

ఎందుకు తాగరని మేము కొన్ని ఇళ్లకు వెళ్లి అడిగాం. ఒక నానీమా ఇలా అన్నారు: "తాగితే రాత్రి లేవాలి బేటా. దొడ్డి పెరట్లో ఉంది. చీకట్లో పడితే నన్నెవరు చూస్తారు?" నీళ్లు మంచివని ఆమెకు తెలుసు. ఆమె భయమంతా చీకటి గురించే.

వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. నీటిని పట్టి ఉంచే శక్తి మూత్రపిండాలకూ తగ్గుతుంది. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు, అదుపు తప్పిన షుగరు మూత్రాన్ని ఎక్కువ చేస్తాయి. కాబట్టి "దాహం వేస్తే వాళ్లే తాగుతారు" అనుకోవడం పొరపాటు. నీరు చాలకపోతే మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, లేవగానే కళ్లు తిరగడం, ఒక్కోసారి మనుషుల్ని పోల్చుకోలేనంత గందరగోళం కలగవచ్చు. పడతానన్న భయంతో నీళ్లు మానినవారు, నీళ్లు మానినందువల్లనే పడే ప్రమాదం ఉంది.

ఎంత తాగాలి? వృద్ధుల పోషణపై 2019లో వెలువడిన యూరప్ నిపుణుల సూచనల ప్రకారం ఆడవారికి రోజుకు కనీసం 1.6 లీటర్లు, మగవారికి 2 లీటర్ల పానీయాలు కావాలి. 200 మిల్లీలీటర్ల గ్లాసుతో 8, 10 గ్లాసులన్నమాట. చాయ్, మజ్జిగ, అంబలి కూడా ఈ లెక్కలోకి వస్తాయి. మన ఎండలకు ఇంకొంచెం అవసరం. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలతనే పాటించాలి.

ఉపన్యాసం కంటే అలవాటు మేలు. ఫజర్ మొదలుకొని ప్రతి నమాజు తరువాత ఒక గ్లాసు, మాత్రలతో ఒక గ్లాసు అని చెబితే లెక్క మరిచిపోరు. ఎక్కువ భాగం మగ్రిబ్ లోపే తాగించి ఇషా తరువాత తగ్గిస్తే రాత్రి లేవడం తగ్గుతుంది. బరువైన బిందెకు బదులు చేతికందే చోట మూత ఉన్న చెంబు పెట్టాలి. రంజానులో ఇఫ్తారు నుంచి సహరీ దాకా కొంచెం కొంచెంగా తాగించాలి. ఉపవాసం ఉండలేని వృద్ధులకు, రోగులకు షరీఅత్ ఇచ్చిన వెసులుబాటు గురించి ఆలిమ్‌తోనూ, డాక్టరుతోనూ మాట్లాడాలి.

మంచం నుంచి దొడ్డిదాకా బల్బు, గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించాక ఆ నానీమా సాయంత్రం చాయ్‌కి జంకడం మానేశారు. బోరుకయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది ఏపాటిది? వచ్చే ఏడాది మన విరాళాల్లో కొంత ఇలాంటి దీపాలకూ, ఇల్లిల్లూ తిరిగి చెప్పేవారికీ కేటాయిద్దాం. ఈలోగా, ఈ రోజే మీ అమ్మీకో అబ్బాకో మీ చేత్తో ఒక గ్లాసు అందించండి. తాగేదాకా పక్కనే కూర్చోండి.