ఎక్కడ తినాలో తేల్చుకోలేనివారి కోసం యాప్ తయారుచేస్తున్న చిరంజీవికి



ఎక్కడ తినాలో తేల్చుకోలేక సతమతమయ్యేవారికి తోడ్పడే మొబైల్ యాప్ తయారుచేయాలన్న చిరంజీవి సంకల్పం మెచ్చుకోదగినదే. అయితే మనిషి ఎందుకు తేల్చుకోలేకపోతాడన్న ప్రశ్నకు ముందుగా జవాబు వెతుక్కోకపోతే, ఎంత ముచ్చటైన తెర గీసినా అది ఇప్పటికే ఉన్న హోటళ్ల జాబితాలకు మరొక జాబితాను చేర్చడమే అవుతుంది. హైదరాబాదులో ఆకలేసి ఫోను తీసినవాడికి మెనూలు, ఫోటోలు, రేటింగులు, దూరాలు, డిస్కౌంట్లు అన్నీ చేతిలోనే ఉంటాయి. అతనికి కొరవడేది, ఇక వెతకడం ఆపవచ్చునన్న భరోసా. ఆ భరోసా కలిగించడమే ఈ యాప్ ప్రధాన కర్తవ్యమని, ఊరంతటిలోకీ ఉత్తమమైన హోటల్‌ను పట్టి ఇవ్వడం దాని పని కాదని చిరంజీవి మొదటే నిశ్చయించుకోవాలి.

ఈ నిశ్చయానికి శాస్త్రాధారం ఉంది. 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న అమెరికన్ పండితుడు హెర్బర్ట్ సైమన్, మనిషికున్న సమయమూ బుద్ధిశక్తీ పరిమితమైనవి కనుక అతడు అన్నిటినీ తూచి అత్యుత్తమమైనదాన్ని ఎన్నుకోడని, తన అవసరానికి సరిపోయే మొదటి దాని దగ్గర ఆగిపోతాడని 1956లోనే ప్రతిపాదించాడు. ఈ పద్ధతిని తెలుగులో ‘చాలినంత ఎంపిక’ అనుకోవచ్చు. తేల్చుకోలేనివాడి చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది: ఏది చాలునో అతనికి ముందుగా తెలియదు కనుక చూసిన ప్రతి హోటల్ తర్వాత ఇంకొకటి ఇంతకంటే బాగుండవచ్చునన్న అనుమానం మిగులుతుంది. అందువల్ల యాప్ అడగవలసిన తొలి ప్రశ్న ‘ఏం కావాలి’ అన్నది కాదు. ‘ఈ పూటకు ఏది ఉంటే చాలు’ అన్నది.

ఎంపికల సంఖ్య తగ్గిస్తే చాలుననే అభిప్రాయం ఈ రంగంలో బాగా పాతుకుపోయింది. షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ 2000లో ప్రచురించిన ప్రయోగంలో, కాలిఫోర్నియాలోని ఒక సరుకుల దుకాణంలో 24 రకాల జామ్‌లు పెట్టిన బల్ల దగ్గర ఆగినవారిలో సుమారు 3 శాతం మందే కొన్నారని, 6 రకాలే పెట్టినప్పుడు ఆగినవారిలో సుమారు 30 శాతం మంది కొన్నారని తేలింది. అయితే ఇటువంటి ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కకట్టిన 2010 నాటి సమీక్షలో సంఖ్య ప్రభావం సగటున దాదాపు సున్నాగా కనిపించింది. ఎంపికలు పోల్చడానికి వీలులేనంత చిక్కుగా ఉన్నప్పుడు, మనిషికి తన ఇష్టమే స్పష్టంగా తెలియనప్పుడు, సమయం చాలనప్పుడు అధిక సంఖ్య భారమవుతుందని 2015లో వచ్చిన మరొక సమీక్ష వివరించింది. భోజనం విషయంలో ఈ షరతులు తరచుగా కూడి వస్తాయి కనుక తెర మీద మూడుకు మించి పేర్లు చూపకపోవడం మంచిదే. కానీ ఆ మూడింటినీ ఏ కారణంతో ఎంచినదీ ఒక్కొక్క వాక్యంలో చెప్పకపోతే తగ్గింపు వల్ల ప్రయోజనం ఉండదు. ‘పది నిమిషాల నడక, మనిషికి రెండు వందల లోపు, ఇప్పుడు భోజనం దొరుకుతుంది’ అన్న మాట అయిదు స్టార్ల కంటే ఎక్కువ ఊరటనిస్తుంది.

ఈ దారిలో ముందే నడిచిన యాప్‌లలో అమెరికాలోని సియాటెల్ నగరంలో 2006లో పుట్టిన అర్బన్‌స్పూన్‌ను చిరంజీవి శ్రద్ధగా పరిశీలించాలి. 2008లో ఐఫోన్ కోసం విడుదలైన దాని యాప్‌లో మూడు చక్రాలుండేవి: ఒకటి పేటను, ఒకటి వంట రకాన్ని, ఒకటి ధరను సూచించేది; ఫోనును ఊపితే, కదలికను పసిగట్టే పరికరం ఆధారంగా ఆ చక్రాలు తిరిగి ఒక హోటల్ పేరు దగ్గర ఆగేవి. ఇందులో చూడవలసిన అసలు నేర్పు ఊపడంలో కంటే ప్రతి చక్రానికీ అమర్చిన తాళంలో ఉంది. ధర మాత్రమే ఖాయమనుకున్నవాడు ఆ ఒక్క చక్రానికి తాళం వేసి తక్కినవాటిని యాదృచ్ఛికానికి వదిలేసేవాడు. అంటే తెలిసిన మేరకు తాను నిర్ణయించి, తెలియని మేరకే యంత్రానికి అప్పగించేవాడు. పేరు నచ్చకపోతే మళ్లీ ఊపవచ్చు కనుక ఓడిపోయిన భావనా కలిగేది కాదు. అయితే ఎన్నిసార్లైనా ఊపవచ్చునన్న సౌలభ్యమే పాత చిక్కును తిరిగి తెచ్చిపెట్టగలదు కనుక చిరంజీవి తన యాప్‌లో ‘మరొకటి చూపు’ అన్న బొత్తాన్ని మూడుసార్లకు పరిమితం చేయడం మేలు. అర్బన్‌స్పూన్‌ను 2015 జనవరిలో జొమాటో కొనుగోలు చేసింది, కొద్ది నెలల్లోనే ఆ పేరు మరుగున పడింది. దాని తాళం ఆలోచన మాత్రం ఇప్పటికీ అనుసరణీయం.

ఒంటరి భోక్త కంటే బృందం సంగతి క్లిష్టమైనది. జెర్రీ హార్వే అనే అమెరికన్ ఆచార్యుడు 1974లో ప్రచురించిన వ్యాసంలో వర్ణించిన ఉదంతం ఈ యాప్‌కే రాసిపెట్టినట్లుంటుంది. టెక్సస్‌లోని కోల్‌మన్ అనే ఊళ్లో, దాదాపు 40 డిగ్రీల సెల్సియస్ ఎండలో, నీడపట్టున డామినోలు ఆడుకుంటున్న నలుగురు కుటుంబసభ్యులు, మామగారు వెళ్దామని ఒక మాట అన్నందువల్ల, ఏసీ లేని కారులో 53 మైళ్ల దూరంలోని ఆబిలీన్‌కు భోజనానికి వెళ్లారు. దుమ్ములో నాలుగు గంటలు తిరిగి, రుచిలేని తిండి తిని ఇల్లు చేరాక, వారిలో ఎవరికీ అసలు వెళ్లాలని లేదని, తక్కినవారికి ఇష్టమేమోనని ప్రతి ఒక్కరూ సరేనన్నారని బయటపడింది. తెలుగు కుటుంబాలలో, స్నేహబృందాలలో ‘మీ ఇష్టం’, ‘ఎక్కడైనా పరవాలేదు’ అన్న మాటల వెనుక ఉండే మొహమాటమూ ఇటువంటిదే. బాహాటంగా ఓటు వేయిస్తే ఈ మొహమాటం పోదు, పెరుగుతుంది. పైగా ఓటుకు దానిదైన చిక్కు ఒకటి ఉందని ఫ్రెంచి పండితుడు కాండార్సే 1785లోనే చూపించాడు. ఒకరు బిర్యానీ, దోసె, నూడుల్స్ అన్న వరుసలో, రెండోవారు దోసె, నూడుల్స్, బిర్యానీ అన్న వరుసలో, మూడోవారు నూడుల్స్, బిర్యానీ, దోసె అన్న వరుసలో ఇష్టపడితే, రెండేసి చొప్పున పోల్చినప్పుడు బిర్యానీ దోసెను, దోసె నూడుల్స్‌ను, నూడుల్స్ తిరిగి బిర్యానీని రెండు ఓట్లతో ఓడిస్తాయి, విజేత తేలడు. అందుచేత బృందంలోని ప్రతి ఒక్కరూ తమ తమ ఫోన్లలో, ఇతరులకు కనబడకుండా, ఈ పూట వద్దనుకున్నవాటిని మాత్రమే గుర్తించే ఏర్పాటు చేయాలి. ఇష్టాలు కలవడం అరుదు. అభ్యంతరం లేని చోటు మాత్రం సాధారణంగా దొరుకుతుంది. ఎవరు దేన్ని వద్దన్నారో యాప్ ఎన్నటికీ బయటపెట్టకూడదు.

వద్దనడంలోనూ తేడాలున్నాయి. కారం ఎక్కువన్న అభ్యంతరం సడలవచ్చు. మాంసం వండే వంటగదిలో తిననన్న నియమం సడలదు, హలాల్ నియమమూ ఉల్లి వెల్లుల్లి ముట్టని జైనుల నియమమూ అంతే. శనివారం మాంసం మానేసేవారు, కార్తీక మాసమంతా శాకాహారం పాటించేవారు ఒకే మనిషి వేర్వేరు రోజుల్లో వేర్వేరు భోక్త అవుతాడని రుజువు చేస్తారు. కనుక ఆహార నియమాన్ని అభిరుచుల మధ్య ఒక గడిగా కాక, తేదీతో మారే షరతుగా నమోదు చేయాలి. వేళ సంగతీ అటువంటిదే: పొద్దున్నే తెరిచిన టిఫిన్ సెంటర్ పదకొండు దాటితే ఇడ్లీ పెట్టకపోవచ్చు, భోజనం మెస్ మూడింటికల్లా పొయ్యి ఆర్పేయవచ్చు. ‘ఓపెన్’ అని చూపి అక్కడికి పంపించి, కుర్చీలు బల్లలెక్కించిన హాలు చూపిస్తే ఆ మనిషి మళ్లీ ఆ యాప్‌ను తెరవడు.

రేటింగుల విషయంలో న్యాయబుద్ధి అవసరం. సియాటెల్ హోటళ్ల మీద అప్పట్లో హార్వర్డ్ ఆచార్యుడైన మైకేల్ లూకా చేసిన అధ్యయనం, యెల్ప్ అనే సమీక్షల వేదికలో ఒక స్టార్ పెరిగితే హోటల్ ఆదాయం 5 నుంచి 9 శాతం దాకా పెరుగుతుందని 2011లో తేల్చింది. అంటే ఈ అంకెల వెనుక వంటవాళ్ల, సర్వర్ల బతుకులున్నాయి. ముగ్గురు మాత్రమే 5 ఇచ్చిన హోటల్‌ను, నాలుగు వందల మంది సగటున 4.3 ఇచ్చిన హోటల్ కంటే పైన నిలపడం తప్పు. దీనికి సవరణ సులువైనదే: ఊరి సగటు 3.8 అనుకుని, ప్రతి హోటల్‌కూ ఆ చొప్పున యాభై ఓట్లను ముందుగా జోడించి లెక్కిస్తే మొదటిది 3.87కు దిగుతుంది, రెండోది 4.24 దగ్గర నిలుస్తుంది. పార్శిల్ ఆలస్యమైందని ఇచ్చిన ఒక్క స్టార్‌ను, హోటల్‌లో కూర్చుని తినేవారికి చూపే లెక్కలో కలపకూడదు.

ఇక రాబడి మాట. డబ్బు తీసుకుని ఒక పేరును ముందుకు తెచ్చే పద్ధతి జాబితా యాప్‌లలో ఎంత మామూలైనా, మూడే పేర్లు చూపే యాప్‌లో అది నమ్మకద్రోహమే అవుతుంది, ఎందుకంటే తేల్చుకోలేనివాడు తన నిర్ణయాన్నే అక్కడ కుదువపెడుతున్నాడు. వినియోగదారుల దగ్గర చిన్న చందా తీసుకోవడమో, హోటళ్లన్నిటికీ ఒకే రుసుముతో బల్ల బుకింగ్ సదుపాయం ఇవ్వడమో దానికంటే గౌరవప్రదం. ఆహార నియమాలను బట్టి మనిషి మతాన్ని, ఆరోగ్యాన్ని ఊహించవచ్చు కనుక ఆ వివరాలను ఫోనులోనే ఉంచడం మంచిది. సమ్మతి తీసుకుని చెప్పిన పనికే సమాచారాన్ని వాడాలన్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మూలసూత్రం. యాప్‌లో గడిపిన నిమిషాలను విజయంగా లెక్కించే అలవాటు ఇక్కడ తలకిందులవుతుంది. తెరిచిన ఎంతసేపటికి మూసివేశారు, చెప్పిన చోటికి నిజంగా వెళ్లారా అన్నవే సరైన కొలతలు.

ఊరంతటినీ ఒకేసారి పట్టుకోవాలన్న ఆశ చిరంజీవి వదులుకోవాలి. హిమాయత్‌నగర్, నారాయణగూడ వంటి ప్రాంతాల్లో ఒక్కదాన్ని ఎంచుకుని, అక్కడి ప్రతి హోటల్‌కూ స్వయంగా వెళ్లి, వేళలు, సెలవు రోజు, వంటగది ఒకటేనా వేరువేరా అన్నవి యజమానిని అడిగి రాసుకున్న తర్వాతే కోడ్ రాయడానికి కూర్చోవాలని ఈ పెద్దల కోరిక.

ఆశీస్సులతో,
పెదనాన్న