సందేహాలు - సమాధానాలు: పెన్‌డ్రైవ్ కొనేముందు అట్ట వెనక్కి తిప్పండి

పెన్‌డ్రైవ్‌ల మీద వచ్చిన ఉత్తరాలన్నీ ఈసారి ఒకచోట చేర్చాను. ఒకే సందేహం ఇద్దరు ముగ్గురు అడిగిన చోట ఒకరి ఉత్తరమే తీసుకున్నాను.

మా అమ్మాయి పెళ్లి వీడియోలు, ఫొటోలు స్టూడియోవాళ్లు హార్డ్ డిస్క్‌లో ఇచ్చారు. వియ్యాలవారికి, అన్నదమ్ములకు ఇద్దామని 64 జీబీ పెన్‌డ్రైవ్‌లు కొన్నాను. అట్ట మీద 150 ఎంబీ స్పీడ్ అని ఉంది. కాపీ పెడితే మొదట్లో జోరుగా వెళ్లి, కాసేపటికి 15, 20 దగ్గర చతికిలబడుతోంది. నకిలీ సరుకు అంటగట్టారంటారా?
– ఒక తండ్రి, తెనాలి

సరుకు అసలుదే అయ్యుంటుంది. తిరకాసంతా అట్ట మీది రాతలో ఉంది. ఆ అంకె పక్కన చిన్న అక్షరాల్లో ‘వరకు’ అనో, ‘రీడ్’ అనో ఉందేమో చూడండి. 150 అన్నది పెన్‌డ్రైవ్‌లోంచి కంప్యూటర్‌లోకి దించుకునేటప్పటి వేగం. మీరు చేస్తున్నది ఎక్కించడం. ఎక్కించే వేగం, అంటే ‘రైట్ స్పీడ్’, ఎంతో చవక రకాల మీద సాధారణంగా వేయరు. వేస్తే ఎవరూ కొనరు మరి.

మొదట్లో జోరు ఎందుకంటే, ఫ్లాష్ చిప్‌లో సమాచారం చిన్న చిన్న సెల్స్‌లో విద్యుదావేశంగా నిలుస్తుంది. ఒక్కో సెల్‌లో ఒకే బిట్ రాస్తే పని చప్పున అయిపోతుంది. తక్కువ ధరకు ఎక్కువ జాగా ఇవ్వాలంటే ఒక్కో సెల్‌లో మూడు, నాలుగు బిట్లు ఇరికించాలి. అప్పుడు ఆవేశాన్ని చాలా సన్నగా కొలిచి పెట్టాలి కాబట్టి ఆలస్యం అవుతుంది. అందుకని కొన్ని డ్రైవ్‌లు కాస్త జాగాను ఒక బిట్ పద్ధతిలో వాడుకుని ముందు అందులోకి గబగబా తీసుకుంటాయి. అది నిండగానే అసలు వేగం బయటపడుతుంది. దీనికి తోడు, మొదటి క్షణాల్లో కంప్యూటర్ చూపే వేగంలో కొంత తన సొంత మెమరీలోకి తీసుకున్న లెక్క. అందుకే కాపీ మొదలైన రెండు మూడు నిమిషాల తర్వాత కనబడే అంకెనే నమ్మండి.

మీ పెళ్లి సరంజామా 40 జీబీ అనుకుందాం. సెకనుకు 20 ఎంబీ చొప్పున ఎక్కితే అరగంట దాటుతుంది. 200 చొప్పున ఎక్కితే మూడున్నర నిమిషాల లోపే. అందులోనూ వీడియోలు పెద్ద ఫైళ్లు కాబట్టి నయం. వేలకొద్దీ ఫొటోలు విడివిడిగా పెడితే ఒక్కో ఫైలుకూ పేరు రాసుకుని, చోటు వెతుక్కుని నత్తనడక నడుస్తుంది. ఫొటోలన్నీ ఒక జిప్ ఫైలుగా కట్టి పంపితే చాలా సమయం కలిసొస్తుంది.

నిజంగా వేగం కావాల్సినవాళ్లు రెండు అంకెలూ చెప్పే రకం కొనాలి. సాన్‌డిస్క్ ఎక్స్‌ట్రీమ్ ప్రోలో యూఎస్‌బీ 3.2 రకానికి కంపెనీ చెప్పే లెక్క చదవడానికి 420, రాయడానికి 380 ఎంబీ. కింగ్‌స్టన్ డేటాట్రావెలర్ మ్యాక్స్‌కు 1000, 900. ఇవీ ‘వరకు’ లెక్కలే అయినా రాసే వేగాన్ని దాచలేదు. ఒకే సిరీస్‌లో 32 జీబీ కంటే 256 జీబీది వేగంగా ఉండటం కూడా మామూలే. లోపల ఎక్కువ చిప్‌లు ఒకేసారి పనిచేస్తాయి.

మీ సంగతికి వస్తే, బంధువులకు పంచడానికి అంత ఖరీదువి దండగ. మీరు కొన్నవే చాలు. రాత్రి భోజనానికి కూర్చునే ముందు కాపీ పెట్టండి.

ఒక షాపులో యూఎస్‌బీ 3.0 అన్నారు, ఇంకో షాపులో 3.1 జెన్ 1, ఆన్‌లైన్‌లో 3.2 జెన్ 1. ఏది కొత్తది? ఏది తీసుకోవాలి?
– ఒక పాలిటెక్నిక్ విద్యార్థి, సిద్దిపేట

మూడూ ఒకటే. 2008లో వచ్చిన 3.0కే తర్వాత పేర్లు మార్చుకుంటూ పోయారు. వేగం సెకనుకు 5 గిగాబిట్లు, ఏం మారలేదు. ‘3.2 జెన్ 2’ అని ఉంటే అది 10 గిగాబిట్లది. ఇలా పేర్లు పెట్టినవాళ్లకు కొనేవాళ్ల మీద ఏం కోపమో తెలియదు. పాత 2.0 లెక్క 480 మెగాబిట్లు, ఆచరణలో సెకనుకు 30, 40 ఎంబీ దాటదు. ఎంత గొప్ప పెన్‌డ్రైవ్ అయినా 2.0 పోర్టులో గుచ్చితే అంతే. లోపల నీలం రంగు నాలుక ఉన్నా, పక్కన ‘ఎస్ఎస్’ గుర్తు ఉన్నా అది 3.0 పోర్టు అని సామాన్యంగా గుర్తు. అన్ని కంపెనీలూ రంగు పాటించవనుకోండి.

ఇంకో చిత్రం చెప్తాను. మామూలు చదరపు పిన్నులో ముందు నాలుగు పలకలు పాత 2.0వి, 3.0కి కావాల్సిన అయిదు పలకలు లోపలికి ఉంటాయి. మెల్లగా, భయభయంగా గుచ్చితే ముందు వరస మాత్రమే తగిలి, కంప్యూటర్ దాన్ని 2.0 అనుకుని అలాగే ఉండిపోవచ్చు. వేగం మరీ తక్కువ అనిపిస్తే బయటికి తీసి, ఈసారి ఒక్క ఊపున గుచ్చి చూడండి.

ఆన్‌లైన్‌లో 2 టీబీ పెన్‌డ్రైవ్ ఐదు వందలకే వచ్చింది. కంప్యూటర్ కూడా 2 టీబీ అనే చూపిస్తోంది. కానీ పాత వీడియోలు ఒక్కోటీ తెరుచుకోవడం లేదు. రిపేరు ఉందా?
– ఒక చిరు వ్యాపారి, అనకాపల్లి

రిపేరు లేదండీ, అది పుట్టుకతోనే దొంగది. ప్రతి పెన్‌డ్రైవ్‌లో మెమరీ చిప్‌తో పాటు కంట్రోలర్ అనే చిన్న చిప్ ఉంటుంది. ‘నాలో ఇంత జాగా ఉంది’ అని కంప్యూటర్‌కు చెప్పేది అదే. దాని ప్రోగ్రాం మార్చి అబద్ధం చెప్పిస్తారు. గోడౌన్‌లో ముప్పై బస్తాలు పెట్టి, రిజిస్టర్‌లో రెండు వేలని రాసుకున్నట్టు. అసలు జాగా నిండాక వచ్చే ఫైళ్లు కొన్నిటిలో పాతవాటి మీద పడిపోతాయి, కొన్నిటిలో గాల్లో కలిసిపోతాయి. పేరూ సైజూ మాత్రం చక్కగా కనబడుతుంటాయి. తెరిస్తే ఏమీ ఉండదు.

2 టీబీ పెన్‌డ్రైవ్ అసలు లేనిదేం కాదు. కింగ్‌స్టన్ 2017లోనే తెచ్చింది. ఐదు వందలకు మాత్రం రాదు.

ఇప్పుడు చేయాల్సింది: తెరుచుకుంటున్న ఫైళ్లను వెంటనే వేరే చోటికి తీసుకోండి. అందులోకి కొత్తగా ఏదీ ఎక్కించకండి. వాపసు గడువు ఉంటే తిప్పి పంపండి. ఇకమీదట ఏ పెన్‌డ్రైవ్ కొన్నా, ఖాళీగా ఉన్నప్పుడే పరీక్ష చేయండి. విండోస్‌లో ‘హెచ్2టెస్ట్‌డబ్ల్యూ’ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, లినక్స్, మ్యాక్ వాడేవాళ్లకు ‘ఎఫ్3’ ఉంది. ఇవి డ్రైవ్ మొత్తం నింపి, మళ్లీ మొదటి నుంచి చదివి, రాసిందే వచ్చిందా అని పోల్చి చూస్తాయి. పెద్ద డ్రైవ్‌కు గంటలు పట్టొచ్చు, పెట్టేసి మీ పని చూసుకోండి.

64 జీబీది కొంటే 59 చిల్లరే చూపిస్తోందని గుంటూరు నుంచి ఇంకొకరు రాశారు. అది మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్క కడుతుంది, విండోస్ 1024 చొప్పున.

32 జీబీ పెన్‌డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉంది. అయినా 6 జీబీ సినిమా ఎక్కించబోతే ఫైలు మరీ పెద్దదంటోంది. అదే పెన్‌డ్రైవ్‌తో కారులో ఘంటసాల పాటలు హాయిగా వింటున్నాను.
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, కర్నూలు

మీ పెన్‌డ్రైవ్ ‘ఫ్యాట్32’ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది. అందులో ఎంత ఖాళీ ఉన్నా ఒక్క ఫైలు 4 జీబీకి మించకూడదు. ‘ఎక్స్‌ఫ్యాట్’కు మార్చి ఫార్మాట్ చేస్తే ఆ అడ్డు తొలగుతుంది. విండోస్, మ్యాక్, ఈమధ్య వస్తున్న టీవీలు చాలావరకు దాన్ని చదువుతాయి. ఫార్మాట్ చేస్తే లోపలివన్నీ పోతాయి, ముందు దించుకోండి.

చిక్కు ఎక్కడంటే, చాలా కార్ల స్టీరియోలకు ఎక్స్‌ఫ్యాట్ తెలియదు. సినిమా ఎక్కుతుంది, ఘంటసాల ఆగిపోతాడు. అందుకని రెండు ఉంచుకోవడమే సుఖం. కారుకు 16 జీబీ చాలు, పాట 5 ఎంబీ అనుకున్నా మూడు వేల పాటలు పడతాయి. వేగం కూడా అక్కర్లేదు, ఉన్నవాటిలో చవకది కొనండి. మే నెలలో కారు ఎండలో నిలిపేటప్పుడు మాత్రం దాన్ని తీసి జేబులో వేసుకోండి. ఎక్కువ పెన్‌డ్రైవ్‌లు పనిచేసే వేడికి హద్దు 60 డిగ్రీలు, లేదా అంతకంటే తక్కువ. కర్నూలు ఎండలో అద్దాలు మూసిన కారు డ్యాష్‌బోర్డు ఆ హద్దు దాటడం కష్టమేం కాదు.

ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ పనికొచ్చే రెండు మూతుల పెన్‌డ్రైవ్ మంచిదేనా?
– ఒక ఫ్రీలాన్స్ రిపోర్టర్, ఖమ్మం

మీ వృత్తికి అదే మంచిది. ఒక పక్క టైప్-సి, ఇంకో పక్క మామూలు పిన్ను ఉన్నది తీసుకోండి. అయితే టైప్-సి అన్నది మూతి ఆకారం మాత్రమే, వేగానికి హామీ కాదు. చాలా మధ్యతరగతి ఫోన్లలో ఆ మూతి వెనక ఉన్నది పాత 2.0యే. ఐఫోన్ 15లో కూడా మామూలు మోడల్‌కు 480 మెగాబిట్లే ఇచ్చి, 10 గిగాబిట్లు ప్రోకు దాచుకున్నారు. పెన్‌డ్రైవ్ పెట్టినా ఫోన్ పలకకపోతే సెట్టింగ్స్‌లో ‘ఓటీజీ’ ఆన్ చేయండి, కొన్ని ఫోన్లలో అది దానంతటదే ఆగిపోతుంది. మూత విడిగా ఊడివచ్చే రకం వద్దు, వారంలో పోతుంది. తిప్పితే మూసుకునేదీ, తాళాల గుత్తికి తగిలించే రింగు లోహంతో ఉన్నదీ చూడండి.

ప్రశ్నపత్రాలు ప్రింటుకు జిరాక్స్ షాపుకు తీసుకెళ్తాను. తిరిగొచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోతున్నాయి.
– ఒక ఉపాధ్యాయిని, నంద్యాల

రోజంతా ఊరివాళ్ల పెన్‌డ్రైవ్‌లు గుచ్చే కంప్యూటర్ అది. అందులోని వైరస్ మీ ఫోల్డర్లను దాచేసి, అవే పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. వాటి మీద నొక్కారంటే మీ ల్యాప్‌టాప్‌కూ అంటుకుంటుంది. నొక్కకండి. ముందు యాంటీవైరస్‌తో స్కాన్ చేసి, తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘వ్యూ’లోకి వెళ్లి ‘హిడెన్ ఐటమ్స్’ టిక్ పెట్టండి. మీ ఫైళ్లు మసకగా కనబడితే కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయండి.

జిరాక్స్ షాపుకు ఒక చిన్న పెన్‌డ్రైవ్ విడిగా కేటాయించండి. అందులో ఆ రోజు ప్రింటు తీయాల్సిన పీడీఎఫ్ తప్ప మరేదీ ఉండకూడదు. పీడీఎఫ్ అని ఎందుకంటున్నానంటే, అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ప్రశ్నపత్రం కాస్తా గుర్తుపట్టలేని గీతలవుతుంది. పైగా పరీక్షకు ముందు ప్రశ్నపత్రం షాపు కంప్యూటర్‌లో మిగిలిపోతే అది వైరస్ కంటే పెద్ద తలనొప్పి. ప్రింటు కాగానే మీ ఎదుటే డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి.

నాన్నగారి పాత క్యాసెట్లలోని వీడియోలు మార్పించి ఒక పెన్‌డ్రైవ్‌లో వేయించాం. కరీంనగర్‌లో మా ఇంటి బీరువాలో ఉంది. పదేళ్లయినా ఉంటుందా?
– ఒక కుమార్తె, డల్లాస్

ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నేనైతే ఆ పందెం కాయను. సెల్స్‌లో నిలిచిన ఆవేశం ఏళ్ల తరబడి కరెంటు తగలకపోతే కొద్దికొద్దిగా కారిపోతుంది. వేడిలో ఇంకా తొందరగా. చవక చిప్‌ల నిలవ శక్తి మరీ తక్కువ. పెన్‌డ్రైవ్ మోసుకెళ్లడానికి చేసింది, దాచడానికి కాదు. శాంసంగ్ టీ7 లాంటి పోర్టబుల్ ఎస్ఎస్‌డీ వేగమైనదే, 58 గ్రాములే, కానీ లోపల ఉన్నది అదే ఫ్లాష్ కాబట్టి బీరువాలో పడేయడానికి అదీ సరికాదు.

అంత దూరం నుంచి మీరు చేయగలిగింది ఉంది. ఇంట్లో ఎవరితోనైనా ఆ వీడియోలు ఈ వారమే ఒక హార్డ్ డిస్క్‌లోకీ, ఒక క్లౌడ్ ఖాతాలోకీ ఎక్కించండి. క్లౌడ్‌లోంచి మీరు డల్లాస్‌లో ఇంకో హార్డ్ డిస్క్‌లోకి దించుకోండి. ఏడాదికోసారి తెరిచి, రెండు మూడు వీడియోలు మధ్యలోంచి నడిపి చూడండి. క్యాసెట్లు మాత్రం పారేయనివ్వకండి.

‘సేఫ్లీ రిమూవ్’ నొక్కకుండా లాగేస్తే ఏమవుతుంది?
– ఒక ఇంటర్ విద్యార్థిని, విజయనగరం

2018లో వచ్చిన విండోస్ 10 మార్పు నుంచి, కాపీ పూర్తయ్యాక నేరుగా తీసేయగలిగేలా ముందే అమర్చి ఇస్తున్నారు. అయినా లైటు మిణుకుమిణుకుమంటుంటే ముట్టుకోవద్దు. మ్యాక్‌లో, లినక్స్‌లో అయితే ‘ఎజెక్ట్’ నొక్కాల్సిందే.